వదిన తెచ్చిన పొట్లం

మోకాళ్ల నొప్పులకు పొట్లం మందు తినేవాళ్లంతా చదువురానివాళ్లు, అమాయకులు అనుకునేవాళ్లకు ముందే ఒక మాట చెప్తాను. నేను జీవశాస్త్రం టీచర్ని. పెన్‌పహాడ్ మండలంలో ఒక హైస్కూల్లో పదహారేళ్లుగా పదో తరగతికి నియంత్రణ, సమన్వయం పాఠం చెప్తున్నాను. ఒంట్లో ఏ గ్రంథి ఎవరి మాట వింటుందో, ఎవరు ఎవరికి ఎప్పుడు "ఇక చాలు" అని కబురు పంపుతారో, బోర్డు మీద బాణాలు గీసి మరీ చెప్పినదాన్ని. అలాంటి నేను మూడేళ్లు పొట్లం తిన్నాను. తినడం ఒక తప్పైతే, దాన్ని మానిన తీరు ఇంకో తప్పు. చావు దాకా వెళ్లొచ్చాను. వెళ్లింది నేనొక్కదాన్నే అయితే ఇదంతా కూర్చుని రాసే పని ఉండేది కాదు.

మూడేళ్ల కింద, వానాకాలం

జ్వరం నాలుగు రోజులు. నొప్పులు నాలుగు నెలలు. ఆ ఏడు మా సూర్యాపేట గల్లీలో సగం ఇళ్లకు అదే జ్వరం. తగ్గినవాళ్లకు తగ్గింది, నాకు మాత్రం కీలు కీలులో కూర్చుంది. చాక్‌పీస్ పట్టుకుంటే వేళ్లు ముడుచుకునేవి కావు. తడిబట్ట పిండలేను. కింద కూర్చుంటే లేవలేను. మా ఆయన జానయ్య మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో గుమాస్తా. పొద్దున ఏడింటి బస్సుకు పోతే మళ్లీ చీకటి పడ్డాకే రావడం. ఇంటి చాకిరీ ఎవరు చెయ్యాలి? ఏడుస్తూ నేనే చేసుకునేదాన్ని.

అప్పుడొచ్చింది మా వదిన సైదమ్మ, జానయ్య అక్క. పుట్టింది ఇటు నిడమనూరులోనే అయినా ఆంధ్ర సరిహద్దులోని కోదాడకు కాపురానికెళ్లి ముప్పై ఏళ్లు దాటింది, మాట సగం ఆంధ్ర అయిపోయింది. భర్త పోయాక బస్టాండు దగ్గర టిఫిన్ బండి పెట్టి కొడుకును చదివించి పెళ్లి చేసింది. నా చేతులు చూసి, సంచిలోంచి చిన్న చిన్న కాగితం పొట్లాలు తీసి మంచం మీద పోసింది.

"పొద్దునొకటి, రాత్రొకటి ఏసుకో. చెట్ల మందు, ఏం గాదు. నన్ను చూడు, ఆరేళ్ల నుంచి తింటన్నా. తెల్లారుజామున పెనం దగ్గర నిలబడ్డానంటే పదకొండింటి దాకా కదలను."

"గిది ఇచ్చేటాయన సదువుకున్నోడేనా వదినా?"

"చదువుకున్నోళ్లు నాలుగు నెలలబట్టి నీకేం పీకారమ్మా?"

నాకు నవ్వొచ్చింది. ఆమె మాటే అంత. ఆ రాత్రి ఒక పొట్లం విప్పాను. చిటికెడు గోధుమరంగు పొడి, రెండు చిన్న తెల్లబిళ్లలు. పొడి ఏదో చెట్టుదే అయ్యుంటుంది. ఆ బిళ్లలు ఏ చెట్టుకు కాస్తాయని నేను అడగలేదు. అడిగితే జవాబు దొరుకుతుందని భయం.

మూడో రోజుకు దుప్పట్లు ఉతికాను. వారానికి స్కూలు మెట్లు రెండేసి ఎక్కాను. ఆకలి ముంచుకొచ్చింది. వదినకు ఫోన్ చేసి, "నీ కాళ్లు మొక్కుత వదినా, మళ్ల మనిషినైన" అన్నాను. అప్పటినుంచి నెలకోసారి కోదాడ నుంచి వచ్చే బస్సు కండక్టర్ చేతికి ఆమె సంచి ఇవ్వడం, సూర్యాపేట హైటెక్ బస్టాండులో నేను తీసుకోవడం. టమాట పచ్చడి సీసా, కారప్పొడి, నడుమ పొట్లాలు.

ముఖం గుండ్రంగా అయింది. స్టాఫ్‌రూంలో తెలుగు మేడం, "ఏందో నిండుగ కనబడుతున్నరు, సంసారం సల్లగుంది" అని మురిసింది. నేనూ మురిశాను. చేతికి ఏది తగిలినా నల్లగా కమిలేది. బీపీ వచ్చింది. మెడ వెనక కొవ్వు చేరింది. పరీక్ష పేపర్లో ఈ లక్షణాలన్నీ వరసగా రాసిచ్చి జబ్బు పేరు రాయమంటే ఒక్క నిమిషంలో రాసేదాన్ని. నా ఒంటి మీద రాసి ఉంటే చదవలేకపోయాను. చదవదలచుకోలేదు, అదీ నిజం.

నవంబరు

కళ్లు మసకబారితే సూర్యాపేటలోనే కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆయన లైటు వేసి చూసి, "స్టెరాయిడ్ ఏమన్న వాడుతున్నరా?" అన్నాడు.

"లేదు సార్."

గుటుక్కున అబద్ధం వచ్చేసింది. ఇంటికి వచ్చే దారంతా ఒళ్లు మండిపోయింది. సిగ్గు సగం, కోపం సగం. ఇంట్లోకి వచ్చి డబ్బాలో ఉన్న పొట్లాలన్నీ తీసుకెళ్లి మోరీలో పారేశాను. సాయంత్రం జానయ్య వస్తే చెప్పాను.

"అక్క పాపం ప్రేమతోని పంపింది గదనే."

"ప్రేమతోని పంపితే విషం విషం గాకపోతదా? ఇగ ఖతం. నా ఇంట్లకు గా పొట్లం రావొద్దు."

గొప్ప పని చేశానని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఛీ, ఎంత గర్వం! సిగరెట్ మానినవాళ్లు, సారా మానినవాళ్లు ఒక్కరోజులో మానేసి ఊరంతా చెప్పుకోరూ, అలాగన్నమాట.

నాలుగో రోజు మంచం మీంచి లేవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. అన్నం చూస్తే వికారం. ఉప్పు కావాలనిపించేది. వంటింట్లో డబ్బా ముందు నిలబడి చిటికెడు చిటికెడు నోట్లో వేసుకున్నాను. ఇదంతా విషం దిగిపోవడమే అనుకున్నాను. పక్కింటి పిన్ని, "వేడి చేసింది బిడ్డా, సబ్జా నీళ్లు తాగు" అంది. అవీ తాగాను. ఐదో రోజు జలుబు చేసింది. ఆరో రోజు మూడో పీరియడ్లో హాజరు పిలుస్తూ కుర్చీలోంచి లేచాను. పిల్లల ముఖాలు నల్లబడ్డాయి. తర్వాత నాకు గుర్తున్నది ఆటోలో మా హెడ్మాస్టర్ గారి తువాలు నా తల కింద ఉండడం.

బెంచీలు

సూర్యాపేటలో మొదటి దవాఖానలో గ్యాస్ అన్నారు. సెలైన్ పెట్టారు. సగం ప్రాణం లేచొచ్చింది, ఇంటికి పంపారు. తెల్లారేసరికి మళ్లీ అదే. రెండో దవాఖానలో డెంగీ అయ్యుంటుందన్నారు. కాదని తేలడానికి ఒక రోజు. అక్కడి బెంచీలు ఇనుపవి, నడుం ఆనించే వీలు లేదు. నంబరు పిలిచేదాకా కూర్చోవాలి. నేను కూర్చోలేక పక్కకు ఒరిగిపోతుంటే తుంగతుర్తి నుంచి వచ్చిన ఒకామె తన భుజం ఇచ్చింది. వాంతి వస్తే తన టిఫిన్ కవర్ ఖాళీ చేసి పట్టింది, కొంగుతో నా మూతి తుడిచింది. "సిగ్గెందుకు చెల్లే, ఒళ్లన్నంక ఉండదా" అంది. ఆమె నంబరు నాకన్నా ముందు. పిలిస్తే లోపలికి పోయింది, మళ్లీ చూడలేదు. పేరైనా అడగలేదు.

మా ఆయనకు మిల్లులో వడ్ల సీజన్. సెలవడిగితే యజమాని ముఖం మాడ్చుకున్నాడట. ఆ కోపం నా మీద చూపించాడు. "ఇంత సదువు సదివినవ్, నీ ఒంట్ల ఏమైతుందో నీకే తెల్వకపోతే నాకేం తెలుస్తది?" అన్నాడు. ఆ మాటన్నాక బయటకెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి.

తొమ్మిదో రోజు వదిన వచ్చింది. బండి మూసి వచ్చింది. కొడుకు పెళ్లికి తప్ప ఆ బండి మూయగా నేనెరగను. వార్డులో నా మంచం పక్కన నిలబడి అటూ ఇటూ చూసి, కొంగుముడి విప్పి పొట్లం తీసింది.

"నా మాట ఇను స్వరూపా. ఒక్కటి ఏసుకో. లేచి కూర్చుంటావు. అప్పుడొకసారి నాకు నాలుగు రోజులు దొరక్కపోతే నేనూ ఇట్టాగే పడిపోయా. ఏసుకోగానే లేచా."

ఆమె చేతిని తోసేశాను. బిళ్లలు నేల మీద పడ్డాయి. అంత నీరసంలో అంత గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

"నన్ను సంపనీకే వచ్చినవా? విషం పెట్టి పెట్టి ఈ మంచమెక్కిచ్చినవ్ గదా, ఇంక సాలదా? పో! నా ముంగట కనబడకు!"

వార్డంతా చూసింది. నర్సు వచ్చి, "ఏందమ్మా లొల్లి" అంది. వదిన కిందికి వంగి, మంచం కింద చెయ్యి పెట్టి ఒక్కో బిళ్లా ఏరుకుంది. లేచేటప్పుడు మంచం కోడు పట్టుకుంది. జానయ్య భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లిపోయింది. నాకు జాలి కలగలేదు. తిక్క కుదిరింది అనుకున్నాను.

మిర్యాలగూడ

మర్నాడు మిల్లులో ఎవరో చెప్తే జానయ్య నన్ను కారులో పడేసి మిర్యాలగూడ తీసుకెళ్లాడు. అక్కడొక లేడీ డాక్టర్. ఇప్పటిదాకా అందరూ ఏం తిన్నావని అడిగారు. ఈమె నా ముఖం చూసింది, చేతుల మీద కమిలిన మచ్చలు చూసింది, చూసి ఒకటే అడిగింది.

"ఈ మధ్య ఏం మానేశారమ్మా?"

ఏడుపు తన్నుకొచ్చింది. పొట్లం సంగతి చెప్పాను. ఆమె కుర్చీలోంచి లేచి తనే సూది తెచ్చి వేసింది. ఒక పూట గడిచేసరికి నేను పెరుగన్నం అడిగాను.

తర్వాత, జానయ్య మిల్లుకు పోయాక, ఆమె నాకు నా పాఠమే చెప్పింది. ఇంటి మీద నీళ్ల ట్యాంకుంటుంది. లోపల బంతి తేలుతుంటుంది. నీళ్లు తగ్గితే బంతి దిగుతుంది, మోటారు ఆన్ అవుతుంది. నిండితే బంతి లేస్తుంది, మోటారు ఆగుతుంది. ఇప్పుడు బయటి నుంచి ఎవరో రోజూ ట్యాంకర్‌తో నీళ్లు తెచ్చి పోస్తున్నారనుకోండి. బంతి కిందికి దిగదు, మోటారు తిరగదు. ఏళ్ల తరబడి తిరగని మోటారు బిగుసుకుపోతుంది. అప్పుడు ట్యాంకర్ ఒక్కసారిగా రావడం మానేస్తే? ఒళ్లు తనే చేసుకునే స్టెరాయిడ్ ఆ నీళ్లు, నా పొట్లంలోని బిళ్లలు ఆ ట్యాంకర్. తలలోని పీయూష గ్రంథి కబురు పంపడం మర్చిపోయింది. కిడ్నీల మీది అధివృక్క గ్రంథులు పని మర్చిపోయాయి. జలుబు చేసినా, జ్వరమొచ్చినా, ఎండలో నిలబడినా ఒళ్లు ఎప్పటికప్పుడు తనను తాను సర్దుకుంటుంది. ఆ సర్దుకునే శక్తే నాలో లేకుండా పోయింది. ఒంట్లో ఏదీ ఒంటరిగా ఉండదు, ఒకటి తీస్తే పది కదులుతాయి అని పదహారేళ్లు పిల్లలకు చెప్పిన నోరు నాది. నా ఒంట్లోంచి మాత్రం ఒకటి పీకి మోరీలో పారేసి, మిగతావన్నీ ఉన్నచోటే ఉంటాయనుకున్నాను.

వదిన తెచ్చిన బిళ్ల సంగతి కూడా చెప్పాను, ఆమె తప్పు ఎంత పెద్దదో డాక్టర్ నోట వినాలని. డాక్టరమ్మ రాస్తున్న చీటీ పక్కన పెట్టింది.

"ఆ పూటకు మీకు కావలసింది అదేనమ్మా. ఆమెకు పేరు తెలియదు గానీ, మిమ్మల్ని చూసిన మా వాళ్లందరికన్నా ముందు ఆమే పట్టుకుంది."

నా ముఖం మాడిపోయింది. సోమవారం ఇంటికి పంపేటప్పుడు, జానయ్య మందులకు వెళ్లి ఉండగా, ఆమె మళ్లీ పిలిచింది.

"మీ వదిన కూడా అదే తింటుందన్నారు కదా. మీకన్నా చాలా ఎక్కువ ఏళ్లు. ఇవాళే ఫోన్ చెయ్యండి. భయపడి ఒక్కసారిగా మానెయ్యొద్దని చెప్పండి. నా దగ్గరికి తీసుకురండి, బిళ్లలిచ్చి మెల్లగా తగ్గిద్దాం. మానేస్తే మీకైందే ఆమెకూ అవుతుంది, ఆ వయసులో తట్టుకోలేదు."

"అట్లనే డాక్టరమ్మ" అన్నాను.

ఇంటికొచ్చాక

సోమవారం అలసిపోయి పడుకున్నాను. అది అబద్ధం కాదు. మంగళవారం అలసట లేదు. ఫోన్ దిండు పక్కనే ఉంది. చేతిలోకి తీసుకున్నాను, పెట్టేశాను. చేస్తే ఏమనాలి? "నువ్వు చెప్పిందే రైటు వదినా" అనాలి. వార్డు నిండా జనం ముందు నోటికొచ్చినట్టు తిట్టి, ఇప్పుడు ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. ముందు ఆమె చెయ్యాలి అనుకున్నాను. మూడేళ్లు నాకు స్టెరాయిడ్ పెట్టింది కదా, తప్పైందని ఒక్క మాట అంటే అప్పుడు చెప్తాను.

ఆమె నాకు చెయ్యలేదు. జానయ్యకు చేసేది, రోజు విడిచి రోజు. "అక్క అడిగింది, ఎట్లున్నవని" అని ఆయనొచ్చి చెప్పేవాడు. నేను గోడవైపు తిరిగేదాన్ని. ఒకసారి, "ఇంద, మాట్లాడు" అని ఫోన్ చేతికివ్వబోతే, "నాకు తల తిరుగుతుంది" అన్నాను. డాక్టరమ్మ చెప్పిన మాట జానయ్యకైనా చెప్పలేదు. చెప్తే ఆయన వెంటనే అక్కకు చేస్తాడు. ఆమె గెలిచినట్టవుతుంది. ఇంత చిన్న బుద్ధి నాకుందని నాకే తెలియదు. జబ్బు నేర్పిందని అంటారు కదా అందరూ, నాకు జబ్బు నేర్పింది ఇది.

ఆమె మానదులే, ఎవరు చెప్తే వింటుంది గనక, అని కూడా అనుకున్నాను. రోజులు పోయాయి. నేను రోజూ పొద్దున డాక్టరమ్మ రాసిచ్చిన బిళ్ల వేసుకుంటూ, పులుసూ కూరా తింటూ, ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ఆ పై వారం శనివారం సాయంత్రం జానయ్య చెప్పులు విప్పుతూ అన్నాడు, "అక్క నాలుగు దినాల సంది బండి పెడ్తలేదట. వాంతులట. జర జ్వరమట."

చాయ గ్లాసు కింద పెట్టేశాను. ఫోన్ నేనే చేశాను. వదిన గొంతు బావిలోంచి వచ్చినట్టుంది.

"వదినా, పొట్లం తింటున్నవా?"

"మానేశా స్వరూపా. కాలవలో పారేశా."

"ఎప్పుడు? ఎప్పటి సంది?"

"పోయిన వారం గురువారం. తమ్ముడు చెప్పాడు గదా, డాక్టరమ్మ కూడా స్టెరాయిడే అందని. నువ్వన్నది నిజమే... నీకు విషం పెట్టాననే నాకు నిద్ర పట్టట్లా. ఇంక నేను మాత్రం ఎట్టా తినేది?"

కోడలికి ఫోన్ ఇమ్మన్నాను. "ఇప్పుడే దవాఖానకు తీసుకపో. ఏళ్ల తరబడి స్టెరాయిడ్ తిని ఒక్కసారిగా మానింది అని చెప్పు. అదే మాట, మర్చిపోకు" అని మూడుసార్లు అనిపించాను. డాక్టరమ్మకు చేసి, ఆమెతో కోదాడ డాక్టర్‌కు చెప్పించాను. మేమిద్దరం బస్సెక్కాం. కోదాడ చేరేదాకా జానయ్య, "నీకెట్ల తెలిసింది, నీకెట్ల తెలిసింది" అని అడుగుతూనే ఉన్నాడు. కిటికీలోంచి బయటకు చూశాను.

రెండు రోజులు ఆమె బీపీ మిషను మీద అంకెలు చూస్తూ అక్కడి దవాఖాన బెంచీ మీద కూర్చున్నాను. ఈసారి నేనే ఇంకొకళ్లకు భుజమిచ్చాను. పుణ్యమేమీ కాదు, చేతులు ఊరికే ఉంచలేక.

వదిన బతికింది. కానీ మునుపటి మనిషి కాదు. పెనం ముందు గంట కూడా నిలబడలేకపోతోంది, బండి కోడలు నడుపుతోంది. ఇద్దరం ఇప్పుడు ఒకే డాక్టరమ్మ దగ్గరికి పోతాం, ఒకే బిళ్ల, కొంచెం కొంచెంగా తగ్గిస్తోంది. మా గ్రంథులు మళ్లీ లేస్తాయో లేదో, ఎప్పుడు లేస్తాయో ఆమె మాటివ్వడం లేదు. పొట్లాలు తినేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. తినకండి. తింటూ ఉంటే మాత్రం, నాలాగా తెగించి పారెయ్యకండి. ముందు మంచి డాక్టర్ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పండి. మూడేళ్లు సిగ్గుపడ్డాను, ఆ సిగ్గు ఎందుకూ పనికిరాలేదు.

కోదాడ దవాఖానలో మూడో రోజు లేచి కూర్చున్నాక వదిన అడిగింది.

"ఒక్కసారే మానకూడదని నీకెప్పుడు తెలిసింది స్వరూపా?"

"మొన్ననే వదినా. తెల్వంగనే ఫోన్ చేసిన."

నా చెయ్యి తీసుకుని కళ్లకద్దుకుంది. ఇప్పుడు బండి దగ్గరికొచ్చే ప్రతి మనిషికీ చెప్తుంది, "మా మరదలు టీచరమ్మ. నేనామెకు విషం పెడితే ఆమె నా పాణం నిలబెట్టింది" అని. నేను వెళ్తే మొదటి దోసె నాకే వేయిస్తుంది. తింటున్నాను.

వదినకు చదవడం వచ్చు. ముఖం మీద చెప్పే ధైర్యం లేక ఇలా రాస్తున్నాను.

వదినా, డాక్టరమ్మ నాకు సోమవారం చెప్పింది. ఆ రోజే నీకు ఫోన్ చెయ్యమంది. నువ్వు పొట్లాలు పారేసింది గురువారం.